కార్తీకంలో పాపికొండలు: 26 మందితో ఒక్కరోజులో వెళ్లి రాగలమా?

కొబ్బరితోట
మాది అమలాపురం. మా వీధివాళ్లం 26 మందిమి. డెబ్భై దాటినవాళ్లు ఆరుగురు, పదేళ్లలోపు పిల్లలు నలుగురు ఉన్నారు. కార్తీకంలో ఒక ఆదివారం గైడు ఉండే లాంచీలో పాపికొండలు చూసి, రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్నాం. బస్సు ఎన్నింటికి బయల్దేరాలి? పోలవరం రేవులో ఎక్కొచ్చని ఒకరు, వీల్లేదని ఇంకొకరు అంటున్నారు. లాంచీ ఆగే పేరంటపల్లి ఒడ్డున పొయ్యి పెట్టి వంట చేసుకుని వనభోజనాలు కానివ్వొచ్చా? టికెట్లు ఇచ్చే ఏజెంటును ఏమేం అడగాలో కూడా చెప్పండి.

గోదారిగట్టు
ముందు రేవు సంగతి తేల్చుకోండి. పోలవరం ప్రాజెక్టు పనుల కోసం నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ (తాత్కాలిక కట్ట) కట్టాక కింద నుంచి లాంచీలు పైకి వెళ్లవు. రాజమండ్రిలోనో పట్టిసీమలోనో ఎక్కి నేరుగా కొండల్లోకి పోవడం పాత పద్ధతి. ఇప్పుడు మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కేది డ్యామ్‌కి ఎగువన ఉన్న గండిపోచమ్మ గుడి రేవులో. అది ఎడమ గట్టు. కాబట్టి కొవ్వూరు వైపు వెళ్లకండి. రావులపాలెం, వేమగిరి, రాజమండ్రి, సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా వెళ్లాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు పోచవరం రేవు వేరే ఉంది. బుక్ చేసేటప్పుడు ఎక్కే రేవు పేరు రాయించుకోండి. 'రాజమండ్రి నుంచి టూర్' అంటే రాజమండ్రి నుంచి బస్సులో రేవుకి తీసుకెళ్తారని అర్థం.

అమలాపురంలో తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బస్సు కదలాలి. దారిలో ఒక్కసారే, అదీ పావుగంటే ఆగినా, రేవు చేరేసరికి ఎనిమిదవుతుంది. లాంచీ తొమ్మిది, తొమ్మిదిన్నరకి గానీ కదలదు. అయినా ఎనిమిదికే ఎందుకంటే, రేవులో లాంచీలను తనిఖీ చేసే కంట్రోల్ రూమ్ వాళ్లు ప్రయాణికుల జాబితా, లైఫ్ జాకెట్లు, లాంచీ కాగితాలు చూశాకే వదులుతారు. 26 మంది పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు ముందురోజే ఒక కాగితం మీద రాసి, ఆధార్ జిరాక్సులు దానికి పిన్ చేసి ఒకరి చేతిలో పెట్టండి. గుంపుల్లో ఆలస్యమంతా ఇక్కడే. ఇరవై ఐదుగురు సిద్ధంగా ఉన్నా ఒకరి కార్డు బస్సులో ఉండిపోతే అందరూ ఎండలో నిలబడాలి.

వెళ్లేటప్పుడు ఏటికి ఎదురు, వచ్చేటప్పుడు వాలు. అందుకే పోయేదారికి ఎక్కువసేపు పడుతుంది. పొద్దున ఒక గంట పోతే ఆ గంట పేరంటపల్లి దగ్గర కోసేస్తారు, ఎందుకంటే చీకటి పడకముందే లాంచీ రేవుకి రావాలి. కార్తీకంలో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. మీరు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర అవుతుందని ఇంట్లో చెప్పి వెళ్లండి.

వశిష్టపాయ
వంట మాట మర్చిపోండి. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అక్కడ నిప్పు పెట్టడం నేరం. ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే వెదురు పొదల్లోకి పాకడానికి ఎంతోసేపు పట్టదు. లాంచీలో గ్యాస్ స్టవ్ కూడా ఒప్పుకోకండి. 2018 మేలో దేవీపట్నం దగ్గర ఒక పర్యాటక లాంచీకి నిప్పంటుకుంది. అందరూ బయటపడ్డారు, కానీ నది మధ్యలో మంట లేస్తే పరుగెత్తడానికి చోటుండదు.

ఉసిరిచెట్టు నీడన తినాలన్నదే కోరికైతే, కడియపులంకలో ముందురోజే కుండీలో ఉసిరి మొక్క కొని బస్సులో పెట్టుకోండి. దాన్ని లాంచీలో భోజనాల దగ్గర ఉంచి దండం పెట్టుకోవచ్చు. టికెట్టులో టిఫినూ భోజనమూ ఉంటాయి. భోజనం ఒంటిగంటన్నర దాటొచ్చు, కాబట్టి షుగరున్నవాళ్లకి పదకొండింటికి తినడానికి ఇడ్లీలో, పులిహోరో స్టీలు డబ్బాలో తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు.

సుడిగుండం
ఏజెంటును అడగాల్సినవాటిలో మొదటిది, ఆ రోజు గోదారి ఎలా ఉందని. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక లేదు కాబట్టి ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క లంకగ్రామాల కోసం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వచ్చి 10 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలేటప్పుడు ఇచ్చే హెచ్చరిక అది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటక లాంచీ మునిగినప్పుడు నదిలో ఉన్న ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులే. మన దగ్గర అంత వెడల్పు పరుచుకునే నీరు అక్కడ రెండు కొండల మధ్య ఇరుకులోంచి పోవాలి. అందుకే వేగం పెరుగుతుంది. మలుపులో నీరు కొండకి కొట్టుకుని వెనక్కి తిరిగి సుళ్లు కడుతుంది. సరంగు ఎంత అనుభవజ్ఞుడైనా ఆ సుడిలో ఇంజను బలం చాలదు. కార్తీకం మొదట్లో వాయుగుండాలు పడే కాలం కూడా. వాన పడితే డబ్బు వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. డబ్బు పోతుందన్న భయమే జనాన్ని మొండిగా ఎక్కిస్తుంది.

రెండోది లైఫ్ జాకెట్లు. పిల్లల సైజువి నాలుగు విడిగా ఉన్నాయా అని అడగండి. పెద్దవాళ్లది పిల్లాడికి తొడిగితే నీళ్లలో జాకెట్టు పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి లేస్తే పట్టీలు బిగించాలి. చీర కట్టుకున్నవాళ్లు పైట లైఫ్ జాకెట్టు లోపల పెట్టుకోవాలి. లైఫ్ జాకెట్టు సీటు కింద పెట్టుకుంటే అవసరమైనప్పుడు చేతికందదు, ఒంటిమీదే ఉండాలి.

మూడోది ఏజెంటును అడిగేది కాదు, మీరే చూసుకోవాల్సింది: కొండల ఇరుకు రాగానే ఫొటోల కోసం అందరూ ఒక పక్కకి పోవడం. పై అంతస్తులో బరువు ఎక్కువైతే లాంచీ అసలే నిలకడ కోల్పోతుంది, దానికి తోడు జనం ఒకే అంచుకి చేరితే ఒరిగిపోతుంది. గైడు మైకులో 'ఎడమవైపు చూడండి' అన్నప్పుడు సగంమంది కూర్చునే చూడాలని మీ గుంపుకి బస్సులోనే చెప్పండి.

రంపవాసి
జంతువుల మీద ఆశ పెట్టుకోకండి. ఈ అడవిలో చిరుత, అడవిదున్న ఉన్నాయి, కానీ ఇంజను మోతకి, పాటల హోరుకి ఏదీ ఒడ్డుకి రాదు. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. ఇరుకు దాటే పావుగంటైనా స్పీకర్లు ఆపమని గైడుని అడగండి, గుంపు పెద్దదైతే వింటారు. దేవీపట్నం దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకండి.

ఒడ్డున కనిపించే ఖాళీ ఊళ్లు పోలవరం ముంపువి. గోడలు, గుడులు మిగిలి ఉన్నాయి. అక్కడివాళ్లు పొలాలూ ఇళ్లూ వదిలి వెళ్లారు. ఆ మాట పిల్లలకి చెప్పి చూపించండి.

కొబ్బరితోట
చాలా సంతోషం అండి. వంట మానేస్తాం. పేరంటపల్లిలో పెద్దవాళ్లు గుడిదాకా ఎక్కగలరా?

గోదారిగట్టు
లాంచీ నుంచి ఒడ్డుకి బల్ల వేస్తారు. అది సన్నగా ఉంటుంది, తడిస్తే జారుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ముందొకరు వెనకొకరు ఉండి దింపాలి. పైన రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం ఉన్నాయి. ఎత్తు ఎక్కాలి, మధ్యలో ఆగి ఆగి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని లాంచీ కింది అంతస్తులోనే కూర్చోబెట్టి, తోడుగా ఒకరిని ఉంచండి. అక్కడి గిరిజనులు కొండరెడ్లు వెదురు బుట్టలు, బొమ్మలు అమ్ముతుంటారు, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. తిరిగి ఎక్కగానే 26 మందినీ పేరుపేరునా పిలిచి లెక్కపెట్టాక సరంగుకి చెప్పండి.