తాటిపూడిలో పాడిల్ బోర్డా, కయాకా: ఏది ముందు పోతుంది?

గంట్యాడ కుర్రోడు: తాటిపూడి రిజర్వాయర్‌లో 2 కిలోమీటర్లు పోవాలి. 10 అడుగుల గాలి బోర్డు (గాలి నింపి, పైన నిలబడి తెడ్డేసే పలక), అదే పొడుగు ప్లాస్టిక్ కయాక్ (కూర్చుని తెడ్డేసే సన్న పడవ). వేగంలో తేడా ఏపాటి ఉంటాది?

కళింగపట్నం మొగ: నిలవ నీటిలో బోర్డు గంటకు 4–5, కయాక్ 5–6 కిలోమీటర్లు. మీ 2 కిలోమీటర్లకి నాలుగు నుంచి ఆరు నిమిషాల తేడా. అసలు తేడా ఎదురు నీటిలో తెలుస్తుంది. వంశధార మొగలో (నది సముద్రంలో కలిసేచోట) పాటు నీరు, అంటే సముద్రం వైపు వెనక్కి పోయే నీరు, గంటకు 3 కిలోమీటర్లు లాగుతోందనుకోండి. 4.5తో పోయే బోర్డుకి 1.5 మిగులుతుంది, 5.5తో పోయే కయాక్‌కి 2.5. అదే దూరం బోర్డుకి 80 నిమిషాలు, కయాక్‌కి 48.

నాగావళి తెడ్డు: అన్నయ్యా, పొడుగు లెక్క కూడా చెప్పాలి కదా. నీటిని తాకే పొడుగు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగానికి పైహద్దు నాట్లలో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) వస్తుంది. 10 అడుగులకి గంటకు సుమారు 7.8 కి.మీ., 14 అడుగులకి 9.3. అది దాటాలంటే తన అలని తానే ఎక్కాలి, చేతులు పడిపోతాయి. 14 అడుగుల సన్న బోర్డు ముందు 10 అడుగుల పొట్టి కయాక్ వెనకబడిపోవచ్చు.

గంట్యాడ కుర్రోడు: మరి ఒకే పొడుగైతే బోర్డు ఎందుకు వెనక?

నాగావళి తెడ్డు: కయాక్ తెడ్డుకి రెండు వైపులా రెక్క, ఒకటి పైకి తీస్తే రెండోది నీటిలో పని చేస్తుంది. బోర్డు తెడ్డుకి ఒకటే. నాలుగైదు తోపులకి చేయి మార్చాలి, ముక్కు పక్కకి తిరిగితే సరిచేయాలి. పైగా నిలబడ్డ మనిషే తెరచాప. మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే మోకాళ్ల మీద కూర్చుని తెడ్డుని కిందకి పట్టుకోండి.

కళింగపట్నం మొగ: గాలి బోర్డుకి ఇంకో తిప్పలు. సాధారణంగా 15 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) ఉండాలి, మీ బోర్డు మీద రాసింది చూసుకోండి. చేతిపంపు 10 దాటాక బరువెక్కుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. అప్పుడు బోర్డు మధ్యలో కుంగి నీటిని ఈడుస్తుంది. ఎండలో నింపితే నీటిలో చల్లబడి ప్రెషర్ తగ్గుతుంది. పది నిమిషాలు నీటిలో ఉంచి మళ్లీ చూడండి. ఒడ్డుకి తెచ్చాక ఎండలో వదిలేస్తే అతుకులు ఊడొచ్చు.

బారువ గాలి: మొగలో 9 అంగుళాల ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) ఇసుకలో గుచ్చుకుని మనిషి ముందుకి బోర్లా పడతాడు. లోతు లేనిచోట 4 అంగుళాలది వేయండి, కాస్త వంకర పోతుంది గానీ ఆగదు. పారే నీటిలో లీష్ (మనిషిని బోర్డుకి కట్టే తాడు) కాలికి కట్టొద్దు, నడుముకి లాగితే ఊడేది కట్టండి. వేగం కొలిచేటప్పుడు ఒకే దారిలో పోయి వచ్చి, రెండు వేగాల సగటు తీయండి. మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే ప్రవాహం ఉన్నచోట తక్కువ చూపిస్తుంది.

గంట్యాడ కుర్రోడు: ఫిన్ 9 అంగుళాలదే ఉంది. తాటిపూడిలో నడిపేస్తాను గురూ, ఒడ్డున మాత్రం నడుం లోతు వచ్చాకే ఎక్కుతాను.