మైత్రిలో చలికాలం గడపబోతున్న తమ్ముడికి ఏం సర్దాలి?

ప్రశ్న:
మా తమ్ముడు డీజిల్ మెకానిక్. అంటార్కిటికాలో మన మైత్రి స్టేషన్‌కి ఎంపికయ్యాడు, ఏడాది పైనే ఉంటాడట. ఢిల్లీలో మెడికల్ పరీక్షలు, ఔలీలో మంచు శిక్షణ అయిపోయాయి. అమ్మ మాత్రం ఒకటే టెన్షన్. ఉన్ని స్వెట్టర్లు నాలుగు కొనేసింది. ఆవకాయ జాడీ, ధనియాలు, మెంతులు, వీటికి తోడు తులసి కోటలోని మట్టి చిటికెడు గుడ్డలో మూటకట్టి ఇస్తానంటోంది. ఇవన్నీ తీసుకెళ్లనిస్తారా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (ఒక చలికాలం అక్కడ పనిచేసిన డాక్టరు):
అమ్మా, ముందు మట్టి సంగతి. అది వద్దే వద్దు. మట్టిలో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం బయటి మట్టి, మొక్కలు, విత్తనాలు ఆ ఖండం మీదికి చేరకూడదు. ధనియాలూ మెంతులూ విత్తనాలే కదా, వాటి జోలికీ పోకండి. మేం దిగే ముందు బూట్ల అడుగులు, సంచుల మూలలు, జేబులు, వెల్క్రో పట్టీలు కూడా దులిపి చూసుకున్నాం. పల్లేరు ముల్లు ఒకటి నా బ్యాగులోనే దొరికింది! ఆవకాయ గురించి గోవాలో పంపించే కార్యాలయం వాళ్లనే అడగండి, దారిలో కేప్‌టౌన్ కస్టమ్స్ కూడా ఉంది.

స్వెట్టర్లు రెండు చాలు. బయట వేసుకునే పోలార్ సూటు, బూట్లు వాళ్లే ఇస్తారు. నిజానికి అక్కడ చలికన్నా ఎక్కువగా వేధించేది పొడిగాలి. చేతివేళ్ల చివర్లు బీటలు వారతాయి, పెదాలు పగులుతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతుంది. అందుకే వాజెలిన్ పెద్ద డబ్బాలు రెండు పెట్టండి. ఇంకో మాట, పళ్లు. పుచ్చుపన్ను ఉంటే ఇక్కడే బాగుచేయించుకోవాలి. మార్చి దాటాక విమానమూ రాదు, ఓడా రాదు. మళ్లీ బయటినుంచి కొత్త మనిషి మొహం కనపడేది నవంబరుకే అనుకోండి.

మే చివర్లో సూర్యుడు మునిగితే రెండు నెలలు పైకి రాడు. నిద్ర చెడుతుంది, చిన్న మాటకే కోపాలొస్తాయి. నేను వంటగదిలో ఉల్లిపాయలు తరిగే డ్యూటీ అడిగి మరీ తీసుకున్నాను, నలుగురి మధ్య ఉండొచ్చని. జూన్ 21 అక్కడి చలికాలానికి నడిమి రోజు, దాన్ని పండగలా జరుపుకుంటాం, వేరే దేశాల స్టేషన్ల నుంచీ శుభాకాంక్షలు వస్తాయి.

జవాబు (వాహనాలు నడిపినవాడిని):
మెకానిక్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా. మైత్రి ఒడ్డున లేదు, షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద ఉంది. ఓడ ఆగే చోటికి దాదాపు 100 కిలోమీటర్లు మంచు మీద వెళ్లాలి. పిస్టన్ బుల్లీలు, అంటే మంచు మీద నడిచే పట్టాల బండ్లు, స్లెడ్జీలను లాగుతూ వరసగా వెళ్తాయి. మామూలు డీజిల్ ఆ చలికి మైనంలా పేరుకుపోతుంది కాబట్టి ఇంధనం వేరే వాడతారు. ఇంజన్ వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. వట్టి చేత్తో స్పానర్ పట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది, పల్చటి లోపలి గ్లౌజులు ఎక్కువ జతలు పెట్టండి. బ్లిజార్డ్ (మంచు తుఫాను) వస్తే పక్క షెడ్డుకి వెళ్లాలన్నా తాడు పట్టుకోవాల్సిందే. ఒంటరిగా బయటికెళ్లరు, వెళ్తే రిజిస్టర్లో రాసి, వాకీటాకీ తీసుకునే వెళ్లాలి.

ప్రశ్న:
థాంక్యూ అండీ. ఫోన్లు కలుస్తాయా? అమ్మ రోజూ మాట్లాడాలంటుంది.

జవాబు (డాక్టరు):
శాటిలైట్ లింకు ఉంది, మాట్లాడొచ్చు. కానీ పెద్ద తుఫాను వచ్చిన రోజుల్లో కలవకపోవచ్చు. రెండు మూడు రోజులు కబురు లేకపోయినా కంగారు పడొద్దని అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. మట్టి బదులు తులసి కోట ఫోటో ఒకటి ఫోన్‌లో వేసి పంపండి.

జవాబు (వాహనాలు):
బూట్ల కొలత అడిగినప్పుడు రెండు జతల మందపు సాక్సు తొడుక్కుని చూసి చెప్పమనండి. నేను మామూలు సైజు చెప్పి ఏడాదంతా బొటనవేలు ముడుచుకునే తిరిగాను.