ఎంపీ దగ్గర అయిదేళ్లు పనిచేశాను, చేతిలో నియామక పత్రం లేదు. మళ్లీ చేరే ముందు ఏమి అడగాలి?

సౌత్ అవెన్యూ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2019 జూన్ నుంచి 2024 మే వరకు ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాను. ఆయన పేరు రాయను. మాది కోస్తాలో ఒక పల్లె. ఢిల్లీలో ఆయన ఫ్లాటు వెనుక, గ్యారేజీ మీది గదిలో ఉండేవాడిని. సభలో అడిగే ప్రశ్నలు రాయడం, శూన్యకాలం నోటీసులు పంపడం, మంత్రులకు లేఖలు, రైల్వే కోటా ఉత్తరాలు, ఊళ్ల నుంచి ఎయిమ్స్‌కు వచ్చే రోగులను వెంటబెట్టుకుని వెళ్లడం, అన్నీ నా పనులే. సమావేశాలు జరిగే రోజుల్లో పొద్దున్న ఆరింటికి మొదలైతే రాత్రి పదకొండు దాటేది. ఆదివారం అనేది ఉండేది కాదు.

సభ్యుడి కార్యాలయ ఖర్చుల భత్యంలో సహాయకుడి కోసం ఇచ్చే 40,000 రూపాయలు లోక్‌సభ సచివాలయం నుంచి నేరుగా నా ఖాతాలో పడేవి. అందులో 15,000 ప్రతి నెలా నగదుగా తిరిగి ఇవ్వాలి. ఊళ్లో ఆఫీసు నడిపే కుర్రాడికి అన్నారు. నాకు చెప్పిన లెక్క అదే.

ఒకసారి కాంట్రాక్టు కార్మికులకు జీతాలు సకాలంలో అందుతున్నాయా అని నేను రాసిన ప్రశ్న బ్యాలెట్‌లో, అంటే ప్రశ్నలను ఎంచే లాటరీలో, వచ్చింది. పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి కనుక రెండు రాత్రులు కూర్చుని రాశాను. మంత్రిగారి జవాబు సభ ముందు పెట్టిన రోజు సాయంత్రమే ఆ నెల 15,000 కవరులో పెట్టి ఇచ్చాను. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

2024 మార్చిలో ఎన్నికల ప్రకటన వచ్చింది. నేను నియోజకవర్గానికి వెళ్లి ప్రచారం పనిలో ఉండగానే నా పేరు తీసేసి బంధువు పేరు పెట్టారు. ఖాతాలో డబ్బు పడకపోయాకే నాకు తెలిసింది. ఏప్రిల్, మే నెలలు పనిచేశాను, ఒక్క రూపాయి రాలేదు. "గెలిచాక చూద్దాం" అన్నారు. గెలవలేదు. జూన్ 5న సభ రద్దయింది. తర్వాత ఫోను ఎత్తలేదు.

ఇప్పుడు మరొక సభ్యుడు రమ్మంటున్నారు. ఈ పని నాకు ప్రాణం, అందుకే వెళ్లాలని ఉంది. చేరే ముందు ఏమి రాయించుకోవాలి? పాత 80,000 మీద ఆశ వదులుకోవాలా?

పాత సచివాలయం

బాబూ, నేను ముప్పై ఏళ్లు సభా సచివాలయంలో పనిచేసి విరమించాను. ముందు ఒక తేడా గ్రహించు. మా ఉద్యోగం రాజ్యాంగం 98వ అధికరణం కింద వచ్చినది. రాష్ట్ర శాసనసభల వారికి 187వ అధికరణం. మాకు నియామక నిబంధనలు, పింఛను, సెలవులు అన్నీ ఉన్నాయి. నీవు ఆ పద్దులో లేవు. 1954 నాటి ఎంపీల జీతభత్యాల చట్టం కింద సభ్యుడికి వచ్చే భత్యంలో నీ జీతం ఒక భాగం. సభ్యుడు పేరు ఇస్తే డబ్బు వస్తుంది, పేరు మారిస్తే ఆగిపోతుంది. సచివాలయం నీ యజమాని కాదు.

అయినా నీ చేతిలో ఏ కాగితమూ లేదనడం సరికాదు. సచివాలయం నుంచి నీ ఖాతాలోకి వచ్చిన ప్రతి జమా ఒక సాక్ష్యం. పార్లమెంటు ప్రవేశ పాసు జిరాక్సు ఉందా? ఉంటే దాచుకో.

లేబర్ కోర్టు మెట్లు

కార్మిక కేసులు చూసే న్యాయవాదిని. పెద్దాయన చెప్పింది నిజం. దాని మీదే నిలబడి చెబుతాను.

ముందు పాత బాకీ. జీతం బాకీకి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఏప్రిల్ జీతానికి ఏప్రిల్ నుంచి, మే జీతానికి మే నుంచి విడివిడిగా లెక్క. అంటే 2027 వేసవి దాటకూడదు. స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపండి, జవాబు రాకపోతే సివిల్ దావా వేయండి. ప్రచారంలో మీరు పంపిన మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, ప్రయాణ టికెట్లు తేదీల వరుసలో పెట్టుకోండి. నగదుగా తిరిగి ఇచ్చిన డబ్బు రుజువు చేయడం కష్టమే. కానీ జీతం పడిన మర్నాడే ప్రతి నెలా 15,000 తీసినట్టు పాసుబుక్కులో కనిపిస్తే, న్యాయమూర్తి దాన్ని పక్కన పెట్టేయలేరు.

ఇక కొత్త ఉద్యోగం. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసుకు చట్టాలు సరిగా అందవు. గ్రాట్యుటీకి పదిమంది ఉండాలి, పీఎఫ్‌కు ఇరవై మంది. జీతాల చెల్లింపు చట్టమైన వేతనాల కోడ్‌లో మాత్రం అలాంటి సంఖ్య లేదు. జీతం మరుసటి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి, మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఎంపీ ఆఫీసు ఆ కోడ్ చెప్పే 'సంస్థ' కిందికి రాదని అవతలివారు తప్పకుండా వాదిస్తారు. ఆ నిర్వచనంలో 'వృత్తి' అనే మాట కూడా ఉంది. నేనైతే దాన్నే పట్టుకుంటాను. అంత దూరం పోకుండా ఉండాలంటే ఒక్క పేజీ ఉత్తరం చాలు: జీతం ఎంత, చేరిన తేదీ, వారానికి ఒక సెలవు, పేరు తొలగించే ముందు నెల రోజుల నోటీసు, నగదు తిరిగి ఇవ్వడం ఉండదన్న వాక్యం. సంతకం, తేదీ ఉండాలి.

క్యాంపు ఆఫీసు

అన్నయ్యా, నేను ఒక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో రెండేళ్లు కంప్యూటర్ పని చేశాను. జీతం సంగతి నాకు తెలియదు, వేరే విషయం చెప్పాలని రాస్తున్నాను. రాత్రి పన్నెండింటికి ఫోన్లు వచ్చేవి, పనికి సంబంధం లేని మాటలు మాట్లాడేవారు. ఎవరికి చెప్పాలో తెలియక మానేశాను. తర్వాత తెలిసింది, పదిమంది లేని చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. గడువు మూడు నెలలు. నాకు అప్పటికే అయిదు నెలలు దాటాయి. మీ ఆఫీసులో అమ్మాయిలు చేరితే మొదటి రోజే ఈ సంగతి చెప్పండి, గోడకు కాగితం అంటించండి. దయచేసి చెప్పండి.

గుంటూరు నుంచి వాషింగ్టన్

నేను అమెరికా ప్రతినిధుల సభలో ఒక సభ్యురాలి ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడా ఒకప్పుడు కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చేసిన కార్మిక చట్టాల్లో చాలావరకు కాంగ్రెస్‌కు వర్తించేవి కావు. 1995లో చట్టం చేసి వర్తింపజేశారు. ఫిర్యాదుకు గడువు 180 రోజులు. వేధింపు కేసులో రాజీ సొమ్మును సభ్యులే తమ జేబు నుంచి కట్టాలని 2018లో సవరించారు. 2022 మేలో సభ తీర్మానం చేసి మాకు యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చింది, ఆ సెప్టెంబరు నుంచి కనీస జీతం ఏడాదికి 45,000 డాలర్లు అయింది. 2023 జనవరిలో సభలో ఆధిక్యం మారగానే కొత్త నిబంధనలతో యూనియన్ హక్కు తీసేశారు. అందుకే చెబుతున్నాను, పెద్ద చట్టం కోసం ఆగకండి, న్యాయవాది గారు చెప్పిన ఆ ఒక్క పేజీ ఇప్పుడే తీసుకోండి.

సౌత్ అవెన్యూ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పాసుబుక్కు తిరగేశాను. యాభై ఎనిమిది నెలల్లో నలభై తొమ్మిది నెలలు జీతం పడిన మర్నాడే 15,000 తీసినట్టు ఉంది. పాసు జిరాక్సు కూడా దొరికింది. అయిదు అంశాలతో ఉత్తరం రాసి కొత్త సభ్యుడికి పంపాను. చదివి, "ఇంతవరకు ఇలా ఎవరూ అడగలేదు, సోమవారం మాట్లాడదాం" అన్నారు. సంతకం చేయకపోతే చేరను.

చెల్లెమ్మా, ఉత్తరంలో ఆరో అంశం కూడా చేర్చాను. ఆఫీసులో స్థానిక కమిటీ వివరాలు గోడ మీద పెట్టాలి అని.

న్యాయవాది గారూ, నోటీసు ఊళ్లోని ఆయన ఇంటి చిరునామాకు పంపితే చాలా, పార్టీ ఆఫీసుకు కూడా ఒక ప్రతి పంపాలా?

లేబర్ కోర్టు మెట్లు

ఇంటికే పంపండి. పార్టీ మీ యజమాని కాదు. పోస్టాఫీసు రసీదు మాత్రం పారేయకండి.