క్వారీ ఈఐఏ: మొత్తం 100 లోపే ఉంటే ప్రభావం ‘స్వల్పం’ అనొచ్చా?

క్వారీరిపోర్టు:
రోడ్డు మెటల్ క్వారీ డ్రాఫ్టు ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక) చూస్తున్నానండీ. 300 మీటర్లలో బడి ఉంది. అక్కడ బేస్‌లైన్ (క్వారీ రాకముందే ఉన్న) పీఎం10, అంటే గాలిలోని సన్నని దుమ్ము, ఘనపు మీటరుకు 78 మైక్రోగ్రాములు. గాలిలో కాలుష్యం ఎలా వ్యాపిస్తుందో లెక్కించే ఏర్‌మాడ్ మోడల్ ప్రకారం క్వారీ వల్ల 24 గంటల్లో గరిష్ఠంగా పెరిగేది 9. మొత్తం 87, పరిమితి 100, కాబట్టి ‘స్వల్పం’ అని రాశారు. లీజులోని కుంట పూడ్చడానికి ప్రభావాలకు స్కోర్లు వేసే మ్యాట్రిక్స్‌లో దుమ్ముకంటే తక్కువ స్కోరు వచ్చింది. ఇది సరైనదేనా?

గాలిలెక్క:
ముందు ఆ 78 సగటో, 98వ పర్సంటైలో (98 శాతం రీడింగులు ఏ విలువకు లోపు ఉంటాయో అది) చూడండి. పరిమితి 24 గంటలది, కాబట్టి సగటుకు గరిష్ఠ పెరుగుదలను కలపకూడదు. వారానికి రెండు రోజుల చొప్పున 12 వారాలు తీస్తే 24 శాంపిళ్లే వస్తాయి, అందులో 98వ పర్సంటైల్ అంటే దాదాపు గరిష్ఠమే.

78 నిజమే అనుకున్నా, 9ని 100తో కాదు, మిగిలిన 22తో పోల్చాలి. ఐదింట రెండు వంతులు ఈ ఒక్క క్వారీకే పోతున్నాయి. 500 మీటర్లలోపు అదే ఖనిజానికి ఇంకో రెండు లీజులుంటే? క్లస్టర్‌గా కలిపి చూడాల్సిందే.

మట్టి రోడ్డు మీద టిప్పర్ల దుమ్మును వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. రోడ్డు మట్టిలో సిల్ట్ (సన్నని పొడి) శాతం, బండి బరువు, రోజువారీ ట్రిప్పులు అనుబంధంలో ఉన్నాయా చూడండి. ఖాళీగా తిరిగొచ్చే ట్రిప్పునూ లెక్కించాలి.

చెరువుగట్టు:
ఒక్కో అంశానికి అంకె వేసి, వాటిని గుణించి, కుంటకు 5×1×5×5=125, దుమ్ముకు 3×3×5×3=135 లాంటి లెక్క వేసుంటారు. విస్తీర్ణం చిన్నదని 1 వేశారు, గుణకారం దాన్ని ముంచేసింది. ఆ అంకెలు వరుస క్రమానికే, 5 అంటే 1కి ఐదు రెట్లని ఎవరూ కొలవలేదు. గుణకారం తీసేసి, మార్పు ఎంత పెద్దది, దాన్ని భరించేవాళ్లు ఎంత సున్నితం అని రెండే చూడండి. చట్ట పరిమితి దాటినా, పోయింది తిరిగి రానిదైనా, ఊరి నీటి ఆధారమైనా, స్కోరుతో పనిలేకుండా ‘తీవ్రం’ అనే రాయాలి. పహాణీలో శిఖం (కుంట నీరు నిలిచే భూమి) అని ఉందా, కింద ఎన్ని బోర్లున్నాయి, ఏ నెలదాకా నీళ్లుంటాయి, గొర్రెలు తాగేది అక్కడేనా? ఇవి లేకుండా కుంటకు ఏ అంకె వేసినా ఊహే.

నీటిబండి:
ఆ 9లో నీళ్లు చల్లడం ముందే కలిసి ఉందేమో అడగండి. ఉంటే, నివారణ పేరుతో మళ్లీ తగ్గించకూడదు. 800 మీటర్ల రోడ్డు, 7 మీటర్ల వెడల్పు, చదరపు మీటరుకు లీటరు, రోజుకు నాలుగుసార్లు: 22,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు కావాలి. మే నెలలో బోరు నుంచి తెస్తే ఆ వాడకం మ్యాట్రిక్స్‌లో భూగర్భజలాల వరుసలోకి ఎక్కాలి.

క్వారీరిపోర్టు:
చూశానండీ. 78 సగటే. 24 శాంపిళ్లలో గరిష్ఠం 93.

గాలిలెక్క:
93+9=102. రెండు గరిష్ఠాలూ ఒకే రోజు రావని వాళ్లంటే, రోజువారీ గాలి దిశతో చూపించమనండి. అప్పటిదాకా ‘స్వల్పం’ కొట్టేయాల్సిందే.