అప్‌డేట్: తమ్ముడికి ధ్యానం నేర్పించవచ్చా అని అడిగాను కదా

ఎవరూ లేకుండానే గొంతులు వినిపించే మా తమ్ముడికి (ఇంకా ఇరవై దాటలేదు, సైకోసిస్ అని తేల్చారు) ధ్యానం మంచిదా, ముప్పా అని అడిగాను. పది రోజుల మౌన శిబిరానికి పంపమన్నవారికి ముందుగా చెబుతున్నాను: పంపలేదు. డాక్టరు గారు గట్టిగా వద్దన్నారు. గంటల తరబడి నిశ్శబ్దంగా కూర్చుంటే లక్షణాలు పెరగవచ్చట.

సైకాలజిస్టు నేర్పుతున్నది చాలా చిన్న సాధన. బ్రిటన్‌లో పాల్ చాడ్విక్ అనే క్లినికల్ సైకాలజిస్టు సైకోసిస్ ఉన్నవారి కోసం మలిచిన పద్ధతి అది. పది నిమిషాలకు మించదు, మధ్యలో తరచూ సూచనలు వినిపిస్తూ ఉంటాయి, కళ్లు తెరిచే ఉంచుకోవచ్చు. గొంతును తరిమేయాలని చూడరు. వచ్చింది, పోయింది అని గమనించి, పాదాలు నేలకు తాకుతున్న చోటికి ధ్యాస మళ్లిస్తారు. దానితో వాదించడమూ లేదు, అది చెప్పినట్టు వినడమూ లేదు.

మావాడికి కష్టంగా ఉన్నది కరుణ భాగం. తనతో తాను ఆప్యాయంగా మాట్లాడుకోవాలి. కాలేజీ ఆగిపోయిందని సిగ్గుపడుతున్నవాడికి అది నటనలా ఉందట. "అమ్మ మాట్లాడినట్టు మాట్లాడుకో" అంటే, "అమ్మ తిడుతుంది కదక్కా" అన్నాడు. చాలా కాలానికి ఇద్దరం నవ్వాం.

మందులు మానలేదు, మానించం కూడా. గొంతులు పోలేదు గానీ భయం తగ్గింది, నిద్ర పడుతోంది. అర్ధరాత్రి ఎవరికైనా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.