6 రూపాయలకి బైబ్యాక్ అన్నారు, ఇప్పుడు మీటింగే వాయిదా.. ఉంచాలా అమ్మేయాలా?

గంటస్తంభం_రీఛార్జ్:
అందరికీ నమస్తే. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర చిన్న రీఛార్జ్ షాపు. ఒక పెన్నీ స్టాక్ (కొద్ది రూపాయల షేరు) ఉందండి, పేరు చెప్పను, చెబితే రేటు లేపడానికి నేనే పంపింగ్ చేస్తన్నానంటారు. 2.90 లో పడున్న షేరు, 6 రూపాయలకి బైబ్యాక్, అంటే కంపెనీయే షేర్లు తిరిగి కొంటాదని టెలిగ్రామ్ గ్రూపులో రాగానే వరసగా అప్పర్ సర్క్యూట్లు (రోజులో పెరగగల హద్దు) కొట్టి 4.10 దాకా పోయింది, నేను మధ్యలో 3.85 కి 4000 షేర్లు కొన్నాను, 4000 ఇంటూ 6 అంటే 24 వేలు, నా 15,400 పోగా 8,600 మిగుల్తాదని రీఛార్జ్ బుక్కు వెనకే లెక్కేసుకున్నాను కూడా. ఇప్పుడేటంటే కంపెనీ నడిపే ప్రమోటర్లు అన్నదమ్ములు, వాళ్లకి పడట్లేదంట, అన్న బైబ్యాక్ అంటాడు, తమ్ముడు కంపెనీ డబ్బు బయటికి పోనివ్వనంటాడు. మొన్న బైబ్యాక్ గురించి పెట్టాల్సిన బోర్డు మీటింగ్ వాయిదా అని లెటర్ పెట్టారు. షేరు 3.35 కి వచ్చేసింది. తమ్ముడే చవగ్గా కొంటన్నాడని గ్రూపులో అంటన్నారు. ఏటి చెయ్యమంటారు?

రాజాం_బావ:
నా దగ్గర 10 వేలున్నాయి గురూ. అన్నదమ్ములన్నాక ఎప్పటికైనా రాజీకొస్తారు. పైడితల్లమ్మ మీద భారం వేసి ఉంచేశాను, సిరిమానోత్సవం లోపు 5 దాటకపోతే నన్నడుగు.

ఆమదాలవలస_మాస్టారు:
అమ్మవారిని ఇందులోకి లాగకండి బాబూ. తమ్ముడూ, ముందు ఆ మొదటి లెటర్ తెరిచి చూడు, బైబ్యాక్ "పరిశీలించడానికి" మీటింగ్ అని ఉందా, "ఆమోదించాం" అని ఉందా? పబ్లిక్ అనౌన్స్‌మెంట్ ఇచ్చాక మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూల్స్ ప్రకారం వెనక్కి తీసుకోవడం కుదరదు, అంతకు ముందు మాత్రం వాళ్లిష్టం.

రెండోది, నీ 4000 మొత్తం తీసుకుంటారనుకుంటున్నావు, అక్కడే దెబ్బ. పెయిడప్ క్యాపిటల్ (షేర్ల ముఖ విలువ మొత్తం), ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న మిగులు) కలిపి అందులో 25 శాతం మించి బైబ్యాక్ చెయ్యకూడదు, అదీ షేర్‌హోల్డర్ల ఓటింగ్ ఉంటేనే, బోర్డు ఒక్కటే అయితే 10 శాతమే. ఉదాహరణకి రూపాయి ముఖ విలువ షేర్లు 8 కోట్లు, రిజర్వులు 4 కోట్ల రూపాయలు అనుకో, 12 కోట్లలో పావు అంటే 3 కోట్లు. 6 రూపాయల లెక్కన 50 లక్షల షేర్లు. అందరూ ఇచ్చేస్తే నూటికి ఆరు చిల్లర, నీ 4000 కి 250. రికార్డ్ డేట్ (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ లెక్క చూసే తేదీ) నాటికి 2 లక్షల లోపు విలువున్న వాళ్లకి 15 శాతం కోటా ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువ రావచ్చు. మిగతావి మార్కెట్ రేటుకే. అసలు నీ కంపెనీకి రిజర్వులున్నాయా, పాత నష్టాలే ఉన్నాయా, అది బ్యాలెన్స్ షీట్‌లో చూడు.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడు కొంటన్నాడన్నది గ్రూపు అడ్మిన్ కథ. ప్రమోటర్ ఒక క్వార్టర్లో 10 లక్షల రూపాయలు దాటి కొంటే డిస్‌క్లోజర్ ఇవ్వాలి, అది ఎక్స్ఛేంజ్ సైట్‌లో కనపడతాది, నేను చూశాను, ఏమీ లేదు. పైగా బైబ్యాక్ సంగతి నలుగుతుంటే లోపలోళ్లకి ట్రేడింగ్ విండో మూసుండాలి, అంటే వాళ్లు కొనకూడదు, అమ్మకూడదు. మీకు అంత పై రేటుకి అంటగట్టిందెవరో అది ఆలోచించండి 😀

రాజాం_బావ:
మాస్టారూ మీరు చెప్తే భయమేస్తంది. అయినా నేను అమ్మను.

గంటస్తంభం_రీఛార్జ్:
మాస్టారూ, షాపు ఖాళీగా ఉంటే ఇప్పుడే ఆ పీడీఎఫ్ తీశాను, వంకరగా స్కాన్ చేసిన ఒక్క పేజీ, "కన్సిడర్" అనే ఉందండి, 6 రూపాయలన్న అంకె ఎక్కడా లేదు, అంటే ఆ 6 గ్రూపులోనే పుట్టిందన్నమాట. పొద్దున్నే సగం అమ్మేద్దామని 2000 కి ఆర్డర్ పెట్టాను. 3.19 కి లోయర్ సర్క్యూట్ (రోజులో పడగల హద్దు), నా ముందు లైన్లో ఎంతమంది ఉన్నారో, సాయంత్రానికి 340 అమ్ముడుపోయాయి. రేపు మళ్లీ పెడతాను.