వృద్ధాశ్రమంలో అలవాటు పడటాన్ని సగటు గీత చూపగలదా?

సంఖ్యాప్రియ:
కొత్తగా చేరినవారికి మొదటి నెల, మూడో నెల, ఆరో నెలల్లో 15 ప్రశ్నల వృద్ధుల కుంగుబాటు కొలమానం ఇచ్చాం అనుకోండి. స్కోరు ఎక్కువైతే కుంగుబాటు ఎక్కువ. కాబట్టి సగటు స్కోరు తగ్గుతూ వస్తే అలవాటు పడుతున్నట్టే. సగటులను పోల్చే పాత గణాంక పద్ధతి అనోవాలో ఒక్క కొలత లేకపోయినా ఆ మనిషిని పూర్తిగా తీసేసేవారు. గణాంక శాస్త్రవేత్తలు లెయిర్డ్, వేర్ 1982లో వివరించిన మిశ్రమ ప్రభావాల నమూనా (గణిత మోడల్) ఆ మనిషిని ఉంచుకుంటుంది, అందరి సగటు గీతతో పాటు ఒక్కొక్కరికి వేరే వాలు, అంటే స్కోరు మారే వేగం, ఇస్తుంది. ఇంకేమి కావాలి?

వేసవిగాలి:
ఆరో నెలకు మిగిలింది ఎవరు? బాగా కుంగినవారిలో కొందరు చనిపోతారు, కొందరు జవాబివ్వడం మానేస్తారు. ఎవరిలోనూ మార్పు లేకపోయినా మిగిలినవారి సగటు తగ్గుతుంది.

సంఖ్యాప్రియ:
స్కోరు లోపించడం అప్పటికే నమోదైన స్కోర్ల మీదే ఆధారపడితే, నమూనా సరిగ్గా ఉంటే, అంచనా దారి తప్పదు. గణాంక శాస్త్రవేత్త రూబిన్ 1976లోనే ఈ షరతు చెప్పారు.

వేసవిగాలి:
ఆ షరతు నెరవేరిందో లేదో డేటా చూసి తేల్చలేం. పైగా చనిపోయినవారి ఆరో నెల స్కోరు లోపించినది కాదు, అసలు లేనిది. బతికి ఉంటే ఎంత వచ్చేదో మీ గీత ఊహిస్తోంది.

గట్టుమీద:
స్కోరును, మరణ సమయాన్ని కలిపి ఉమ్మడి నమూనా కట్టవచ్చు కదా.

వేసవిగాలి:
కట్టినా స్కోరు గీత మరణం తర్వాత కూడా సాగుతుంది. ఆ నాటికి బతికి ఉన్నవారి సగటు అని నివేదికలో స్పష్టంగా రాయండి, చాలు.

సంఖ్యాప్రియ:
మీరు గంట నుంచి చనిపోయినవారి స్కోరునే పట్టుకుని వేలాడుతున్నారు. బతికి ఉన్నవారి గురించి మాట్లాడరా?

వేసవిగాలి:
మాట్లాడతాను. మా అమ్మ చేరిన కొత్తలో ఇంటికి తీసుకెళ్లమని రోజూ అడిగేది. తర్వాత అడగడం మానేసింది, తిండి సగం వదిలేసేది. సిబ్బంది పుస్తకంలో ‘అలవాటు పడ్డారు’ అని రాశారు. ఏ నమూనాలో పెట్టినా ఆ వాలు బాగానే కనిపిస్తుంది.

సంఖ్యాప్రియ:
మా నాన్నగారు అక్కడ నిజంగానే కోలుకున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాటే ఉండేది కాదు, అక్కడ స్నేహితులు దొరికారు. మీ లెక్కన అది కూడా లొంగిపోవడమేనా?

వేసవిగాలి:
కాదండీ. మీ నాన్నగారిని, మా అమ్మను కలిపి ఒకే సగటు తీయడమే నా బాధ.

గట్టుమీద:
వృద్ధి మిశ్రమ నమూనా అని ఇంకొకటి ఉంది, దానితో స్కోరు నడిచే దారులవారీగా మనుషులను గుంపులుగా విడదీయవచ్చు.

వేసవిగాలి:
స్కోరు ఒకేలా తగ్గితే ఇద్దరూ ఒకే గుంపులో పడతారు. ముందు పెద్దవారి జవాబును, సిబ్బంది అంచనాను వేర్వేరుగా నమోదు చేయండి. రెండింటి మధ్య తేడా నెలనెలా ఎటు పోతోందో దాన్నే నమూనా కట్టండి.

సంఖ్యాప్రియ:
మతిమరుపు ముదిరి జవాబు చెప్పలేనివారి మాటేమిటి? వారిని వదిలేస్తే మీరు చెప్పిన తప్పే మళ్లీ జరుగుతుంది.

వేసవిగాలి:
వదలవద్దు. వారికి తిండి, నిద్ర, బరువు నమోదు చేయండి. ‘అలవాటు పడ్డారు’ అన్న గడి మాత్రం ఎవరూ వారి తరఫున నింపకూడదు.

సంఖ్యాప్రియ:
తిండి, బరువు వరకు ఒప్పుకుంటాను. గడి తీసేయడానికి ఒప్పుకోను.